అయిష్టం సున్నా

డాక్టర్ గురవయ్య తన సర్వీసులో ఆడింది ఒకే ఒక్క అబద్ధం. కాకపోతే దాన్నే ఏళ్ల తరబడి, కొన్ని వందలమంది దగ్గర, ముఖంలో కండరం కదలకుండా ఆడాడు. "మ్యాచ్ కాలేదమ్మా" అన్నదే ఆ అబద్ధం.

బెజవాడలో ఆయన పనిచేసే ఆసుపత్రికి కిడ్నీలు పాడైనవాళ్లు వచ్చేవాళ్లు. వాళ్లతోపాటు కిడ్నీ ఇవ్వడానికి ఒక భార్యో, తల్లో, చెల్లెలో వచ్చేది. మగవాళ్లు తక్కువ. అలా వచ్చినామెను ఒంటరిగా తన గదిలో కూచోబెట్టి, ఒక గ్లాసు మజ్జిగ తెప్పించి, "ఇష్టమేనా తల్లీ?" అని అడిగేవాడు. చాలామంది తలెత్తి ఇష్టమేననేవాళ్లు. కొందరు మాత్రం గ్లాసులోకి చూస్తూ కూచునేవాళ్లు. అప్పుడాయన బయటకు వచ్చి, నిట్టూర్చి, ఆ ఒక్క అబద్ధం ఆడేవాడు. ఇంటివాళ్లు తలరాతను తిట్టుకునేవాళ్లు. ఆడపిల్లను తిట్టేవాళ్లు కాదు.

"వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేయమన్నారు. నేను ఒక్కటాడి ఒక మనిషిని ఇంట్లో బతకనిస్తున్నాను, తప్పా?" అనేవాడు.

తప్పేనంది ఇందుమతి.

ఇందుమతి ఆయన దగ్గర చదువుకున్న పిల్లే. తర్వాత మెదడు మీద పరిశోధన చేసి, మంగళగిరిలో సొంత ప్రయోగశాల పెట్టుకుంది. మనిషి నాలుక "సరే" అనడానికి రెప్పపాటు ముందు మెదడు "వద్దు" అనుకుంటే, లోపల ఒక చిన్న ఉలికిపాటు పుడుతుంది. వేడి గిన్నె తగిలినప్పుడు చెయ్యి వెనక్కి లాక్కున్నట్టు. ఆ ఉలికిపాటును పట్టుకునే పట్టీ ఒకటి తయారుచేసింది. తలకు కట్టి ప్రశ్న అడిగితే చాలు, గోడమీది ముల్లు అయిష్టం నూటికి ఎంతో చూపిస్తుంది. దానికి అంతరంగిణి అని పేరు పెట్టింది.

"మీ మజ్జిగ గ్లాసులోకి చూసే ధైర్యం ఉన్నవాళ్లనే మీరు కాపాడారు సార్. నవ్వుతూ సరే అన్నవాళ్ల సంగతేంటి?" అని అడిగింది గురవయ్యను.

ఆసుపత్రికి వచ్చిన మొదటి నెలలోనే అంతరంగిణి ఒక రొయ్యల చెరువు ఆసామిని పట్టించింది. చెరువు కాపలావాడిని మేనల్లుడని చెప్పి తెచ్చాడు ఆసామి. కాపలావాడు నవ్వుతూనే ఇస్తానన్నాడు, ముల్లు తొంభై దాటింది. పేపర్లన్నీ రాశాయి, ప్రభుత్వం చట్టం చేసింది. ఆ చట్టంలో రెండు మాటలు ఇందుమతే పట్టుబట్టి రాయించింది. ఒకటి, యంత్రం మాటే ఆఖరు, దాన్ని ఏ డాక్టరూ తోసిపుచ్చడానికి వీల్లేదు. రెండు, ఫలితాన్ని ఇంటివాళ్లందరి ఎదుటా పైకి చదవాలి. చాటుమాటు వ్యవహారం ఉన్నచోటే లంచం ఉంటుందని ఆమె నమ్మకం.

"ఆ రెండోది తీసెయ్యమ్మా" అన్నాడు గురవయ్య.

"నిజం చదివితే ఏమవుతుంది సార్?"

"నువ్వు ఉమ్మడి కుటుంబంలో ఎప్పుడూ లేవు కదా" అన్నాడాయన.

*

నీలవేణి మున్సిపల్ స్విమ్మింగ్ పూల్‌లో ఆడపిల్లలకు ఈత నేర్పేది. పొడుగ్గా, నల్లగా, నడుస్తుంటే కూడా నీళ్లలో ఉన్నట్టే ఉండేది. ఆమె అన్న కోదండపాణికి మోటారు వైండింగ్ షాపు. అతడి రెండు కిడ్నీలూ చెడిపోయి, డయాలసిస్ మీద బతుకుతున్నాడు. తల్లి భ్రమరాంబకు సుగరు, ఇన్సులిన్ పొడుచుకుంటుంది. పెళ్లాం శశిరేఖ రక్తం గ్రూపు కలవలేదు. ఇక మిగిలింది నీలవేణే. ఇంట్లో ఆమెను ఎవరూ అడగలేదు. అడగాల్సిన విషయమని ఎవరికీ తోచనే లేదు.

పరీక్ష రోజున ఇందుమతే స్వయంగా వచ్చింది. గురవయ్య ఒక మూల నిలబడ్డాడు. తల్లి, అన్న, వదిన వరసగా కుర్చీల్లో కూచున్నారు. నీలవేణి తలకు పట్టీ కట్టారు.

"మీ అన్నయ్యకు కిడ్నీ ఇవ్వడం మీకు ఇష్టమేనా?"

"ఇష్టమేనండి."

ముల్లు ఒక్క ఊపులో పైకి లేచింది. పదిహేను లోపు ఉంటేనే చట్టం ఒప్పుకుంటుంది. టెక్నీషియన్ గొంతు సవరించుకుని, చట్టం చెప్పినట్టే పైకి చదివాడు. "అయిష్టం ఎనభై ఒకటి."

భ్రమరాంబ నవ్వింది. "మిషన్లో ఏదో తేడా ఉన్నట్టుందండి, మళ్లీ ఓసారి చూడండి."

మళ్లీ చూశారు. ఈసారి ఎనభై నాలుగు.

కోదండపాణి లేచి, చెల్లెలి వైపు చూడకుండా, "ఆటో పిలుస్తా" అని బయటకు నడిచాడు. గురవయ్య ఇందుమతి వైపు చూసిన చూపులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

*

ఇంట్లో ఎవరైనా తిట్టి ఉంటే నీలవేణి తిరిగి తిట్టి ఉండేది. తిట్టలేదు. తల్లి ఆమెకే ముందు వడ్డించేది. "తిను తల్లీ, నీ ఒళ్లు నీకు ముఖ్యం కదా" అని నెయ్యి ఇంకాస్త వేసేది. వదిన పిల్లలు వచ్చి, "అత్తా, నాన్న చచ్చిపోతాడా?" అని అడిగేవాళ్లు. ఆ ప్రశ్న పిల్లలకు ఎవరు నేర్పారో నీలవేణికి తెలుసు. పక్కింటావిడ గోడమీదుగా పలకరిస్తే, భ్రమరాంబ వీధంతా వినపడేలా, "అబ్బే, కిడ్నీ కలిసింది వదినా, మనసే కలవలేదు" అని చెప్పేది. పూల్‌లో ఈత నేర్చుకునే పిల్లల తల్లులు కూడా ఆమె నుంచి చూపు తిప్పుకోవడం మొదలుపెట్టారు.

ఒకరోజు నీలవేణి బస్సెక్కి మంగళగిరి వెళ్లింది.

"మీ మిషను తప్పని చెప్పండి మేడమ్" అంది ఇందుమతితో.

"అది తప్పు కాదు కదా?"

"కాదండి. అందుకే తప్పని చెప్పమంటున్నా."

ఇందుమతి ఆమెను కూచోమంది. "అసలు నీకెందుకు ఇష్టం లేదు?"

"తెలీదండి. నా ఒళ్లు, అందులోంచి కోసి తీయడం నాకిష్టం లేదు. అన్నయ్యంటే ఇష్టమే. చిన్నప్పుడు వాడే నన్ను భుజాన ఎక్కించుకుని కృష్ణలో దించాడు. అది వేరు, ఇది వేరు."

"ఈ మాటే ఇంట్లో చెప్పాల్సింది."

"చెప్పగలిగితే మీ మిషన్ ఎందుకండీ?"

ఇందుమతి, ఒక్కసారి యంత్రం తప్పని తను సంతకం పెడితే, రేపు ప్రతి దళారీ తప్పంటాడని, రొయ్యల చెరువు కాపలావాళ్లందరూ మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కాల్సి వస్తుందని ఓపిగ్గా చెప్పింది. చెప్పిన ప్రతి మాటా సబబైనదే. "నీకిప్పుడు చట్టం అండ ఉంది. నిన్నెవరూ బలవంతం చేయలేరు" అని ముగించింది.

"బలవంతం ఎవరూ చేయట్లేదండి. అమ్మ నావైపు చూస్తోంది, అంతే" అని నీలవేణి లేచి వెళ్లిపోయింది.

*

చట్టంలో మూడో మాట ఒకటుంది. అది ఇందుమతి దయతో రాయించినది. మనిషి మనసు మారొచ్చు గనక మూడు నెలలు పోయాక మళ్లీ పరీక్షకు రావచ్చు.

దేనికైనా పరీక్ష ఉందంటే బెజవాడలో దానికి కోచింగ్ ఉంటుంది. వామనరావు మాస్టారు అంతకుముందు ఎంట్రన్సులకు లెక్కలు చెప్పేవాడు. ఇప్పుడు అదే మేడమీద, అవే బల్లల మధ్య, సంకల్ప అని బోర్డు కట్టి సమ్మతికి కోచింగ్ ఇస్తున్నాడు. యంత్రానికి నకలుగా చవకరకం పట్టీలు సంపాదించాడు. వాటికి ముల్లు ఉండదు, గంట ఉంటుంది. లోపల అయిష్టం కదిలితే టింగుమంటుంది.

"అబద్ధం చెప్పడం నేను నేర్పనమ్మా. ఆ మిషను ముందు అబద్ధం చెల్లదు. నిజంగానే ఇష్టం పుట్టిస్తా" అన్నాడు భ్రమరాంబతో. "మీ అమ్మాయికి ఈ లోకంలో ఎవరంటే ప్రాణం?"

"నేనే" అంది భ్రమరాంబ, కాస్త గర్వంగానే.

"అయితే మందు మీరే."

మందు ఇలా పనిచేసింది. పొద్దున, రాత్రి భోజనాల వేళ నీలవేణి తలకు పట్టీ కడతారు. భ్రమరాంబ కంచం ముందు కూచుంటుంది. కోదండపాణి అడుగుతాడు. "నీలా, ఇస్తావా?" నీలవేణి "ఇస్తా" అంటుంది. గంట మోగకపోతే తల్లి అన్నం కలుపుతుంది. మోగితే చెయ్యి కడిగేసుకుని లేచిపోతుంది. అరుపు లేదు, ఏడుపు లేదు, శాపనార్థాలు లేవు. ఏ చట్టం కింద పట్టుకుంటారు? కన్నతల్లి కొడుకు కోసం ఉపవాసం ఉంటే నేరమని ఏ దేశంలోనూ రాయలేదు.

సుగరు మనిషి. నాలుగో రోజున తూము దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. నీలవేణి ఆమె నోట్లో పంచదార పోస్తూ, "తిను అమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా" అని ఏడ్చింది.

"నాకేం కోపం లేదే. నువ్వు మనసారా అను, నేను కడుపారా తింటా" అంది భ్రమరాంబ, తెప్పరిల్లి.

కోదండపాణి ఆ రోజు, "వద్దులే అమ్మా, ఆపేద్దాం" అన్నాడు.

"నోర్ముయ్యరా. నీకు పెళ్లాం పిల్లలున్నారు."

అతడు నోరు మూసుకున్నాడు. రెండోసారి అని ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది. అనలేదు. చెడ్డవాడేం కాదు, బతకాలనుకున్నాడు. అలా అనుకునేవాళ్లకు పక్కవాళ్ల లోపల గంట మోగుతున్నా వినపడదు.

నీలవేణి మొదట గంటను ఆపడానికి పళ్లు బిగించేది. లాభం లేకపోయింది. భక్తి పాటలు తలచుకుంది, అన్న భుజం మీద కూచుని కృష్ణలో దిగిన పొద్దు తలచుకుంది. అప్పుడూ మోగింది. చివరకు తనకు తెలియకుండానే ఒక దారి కనిపెట్టింది. "వద్దు" అనేది లోపల ఎక్కడ పుడుతుందో ఆ చోటికి వెళ్లడమే మానేసింది. గంట మోగడం తగ్గింది. తల్లి బుగ్గలు కాస్త నిండాయి.

దీపావళి వెళ్లిన రెండోనాడు భగినీ హస్త భోజనం. ఆ రోజు యముడే తన చెల్లెలు యమున ఇంట తిని సంతోషించి, అక్కచెల్లెళ్ల చేతి ముద్ద తిన్న మగవాడికి అపమృత్యువు ఉండదని వరమిచ్చాడంటారు. వామనరావు మాస్టారు ఫైనల్ ప్రాక్టీసుకు ఆ రోజే పెట్టాడు. నీలవేణి తెల్లారే లేచి పులిహోర, బొబ్బట్లు చేసింది. పట్టీ కట్టుకుని అన్నకు ముద్ద తర్వాత ముద్ద నోట పెట్టింది. ప్రతి ముద్దకూ అన్న అడిగాడు, ప్రతి ముద్దకూ చెల్లెలు ఇస్తానంది. గంట ఒక్కసారీ మోగలేదు. భ్రమరాంబ కంచం ఖాళీ చేసి, "ఇంకో బొబ్బట్టు వెయ్యవే" అంది. నీలవేణికి సంతోషంతో కళ్లనీళ్లు తిరిగాయి. కోదండపాణి చెల్లెలికి పట్టుచీర పెట్టాడు.

ఆ మర్నాడు పూల్‌లో ఒక చిన్నపిల్ల, ఇంకా చేతులు కూడా సరిగా ఆడించడం రానిది, "టీచర్, నేను లోతు వైపు దూకనా?" అని అడిగింది.

"దూకమ్మా" అంది నీలవేణి.

పిల్ల దూకింది. వాచ్‌మన్ చూసి బట్టలతోనే నీళ్లలోకి దిగి బయటకు లాగాడు కాబట్టి సరిపోయింది. మేనేజర్ వచ్చి, "నీకు పిచ్చా? ఎలా దూకమన్నావ్?" అని అరిచాడు. నీలవేణి ఆలోచించి, ఆశ్చర్యంగా, "అడిగిందండి" అంది. ఉద్యోగం మానెయ్యమంటే అలాగేనని ఈల తీసి బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చేసింది.

*

రెండో పరీక్షలో ముల్లు కదలలేదు.

"అయిష్టం సున్నా" అని టెక్నీషియన్ చదివాడు. భ్రమరాంబ చేతులు జోడించి దుర్గమ్మకు దండం పెట్టుకుంది.

ఇందుమతి లేచి ముల్లు దగ్గరకు వెళ్లి చూసింది. కన్నబిడ్డకు కిడ్నీ ఇచ్చే తల్లికి కూడా ఆరో ఏడో ఉంటుంది. మనసు ఒప్పుకున్నా ఒంటికి కత్తి భయం పోదు. సున్నా అనేది ఆమె ఒకే ఒక్కసారి చూసింది, యంత్రాన్ని సరిచూసుకోవడానికి గుమ్మడికాయకు పట్టీ కట్టినప్పుడు.

గురవయ్య అందరినీ బయటకు పంపి మజ్జిగ తెప్పించాడు.

"ఇష్టమేనా తల్లీ?"

"ఇష్టమేనండి."

"నువ్వు వద్దంటే మిగతాది నేను చూసుకుంటా."

"అలాగేనండి."

"అలాగే అంటే? వద్దనా?"

"మీరెలా అంటే అలాగండి." నీలవేణి మజ్జిగ మొత్తం తాగి, గ్లాసు తుడిచి ఇచ్చింది.

ముసలాయన బయటకు వచ్చి, నిట్టూర్చి, తన పాత అబద్ధాన్ని వెతికి పట్టుకున్నాడు. "మ్యాచ్ కాలేదమ్మా."

"అదేంటి డాక్టరుగారూ, ఈసారీ అయిందని పొద్దున్నే మెసేజొచ్చిందిగా" అని భ్రమరాంబ సెల్లు తీసి ఆయన కళ్ల ముందు పెట్టింది. ఫలితాలు డాక్టరు చేతికంటే ముందు ఇంటివాళ్ల ఫోనుకు వెళ్లే రోజులు. గురవయ్య ఆ వెలుగులో కాసేపు నిలబడి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. ఆ నెలాఖరుకు రిటైరయ్యాడు.

ఇందుమతి అధికారులకు ఫోను చేసింది. ఈ ఫలితం చెల్లదని, ఆ పిల్లకు ఇష్టం పుట్టలేదని, అయిష్టం చచ్చిపోయిందని గొంతు పగిలేలా చెప్పింది.

అవతలి అధికారి మర్యాదస్తుడు. "యంత్రం చెడిందంటారా మేడమ్?"

"లేదు. యంత్రం సరిగ్గానే ఉంది."

"మరి యంత్రం మాట మీద మనిషి మాట చెల్లదని మీరే కదండీ రాయించారు?"

కోదండపాణికి కిడ్నీ పెట్టారు. చక్కగా పట్టుకుంది.

*

ఏడాది తిరిగేసరికి కోదండపాణి ఒళ్లు చేశాడు. షాపులో ఇద్దరు పనివాళ్లను పెట్టుకున్నాడు. ఇల్లంతా నీలవేణిని నెత్తిన పెట్టుకుంది. ఇంటి పని మొత్తం ఆమెదే. గాజులు ఇవ్వమని వదిన అడిగితే ఇచ్చింది. మళ్లీ ఈతకు వెళ్లొద్దని అన్న అంటే సరేనంది. పక్కింటావిడ కూడా, "ఇస్తే ఇలాంటి ఆడపడుచును ఇవ్వాలి దేవుడు" అని మెచ్చుకుంది.

అప్పుడు శశిరేఖ తమ్ముడికి, తాగి తాగి, కాలేయం పోయింది. ఇంట్లో ఈసారి కూడా ఎవరూ నీలవేణిని అడగలేదు. ఆమె కాలేయంలో ముక్క ఇప్పించడానికి పరీక్షకు తీసుకొచ్చారు. కోచింగ్ ఖర్చు కూడా లేదు.

"అయిష్టం సున్నా."

ఈ ఏడాదంతా ఇందుమతి ప్రయోగశాల దాటలేదు. ఆగిపోయిన ఆ ఉలికిపాటును మళ్లీ రగిలించే పద్ధతి ఒకటి తయారుచేసింది. ఎలుకల్లో పనిచేసింది. వెనక్కి జరగడం మరిచిపోయిన ఎలుక మళ్లీ వేడిరేకు మీంచి కాలు తీసుకుంది. దాన్ని చూసి ఇందుమతి పసిపిల్లలా ఏడ్చింది. మనిషి మీద చేయాలంటే ఒకటే కావాలి, ఆ మనిషి సమ్మతి.

పట్టీ ఇంకా నీలవేణి తలకే ఉంది. ఇందుమతి ఆమె ముందు నేలమీద కూచుని చేతులు పట్టుకుంది.

"నీలా, నిన్ను మళ్లీ మామూలుగా చేస్తాను. నీకు వద్దనిపించింది వద్దనగలుగుతావు. చేయించుకుంటావా?"

"చేయించుకుంటానండి."

ముల్లు సున్నా. చట్టం ప్రకారం చక్కటి సమ్మతి. ఇంతకంటే పనికిమాలిన సమ్మతి లోకంలో లేదని ఇందుమతికి తెలుసు. అయినా తీసుకోవడానికి సిద్ధపడింది. మొదటిసారి ఆమె కూడా, అందరిలాగే, ఆ పిల్ల ఇస్తానన్నదాన్ని చెయ్యిచాచి అందుకోబోయింది.

వరసలో కుర్చీలోంచి భ్రమరాంబ లేచింది. "ఏంటండీ ఇది? బంగారంలాంటి పిల్లను పాడుచేస్తారా? అలాంటివేం వద్దు మాకు. వద్దు కదే నీలా?"

"వద్దమ్మా" అంది నీలవేణి.

అందరూ గోడవైపు చూశారు. ముల్లు సున్నా దగ్గరే ఉంది.

"విన్నారుగా. దాని నోటితోనే వద్దంది" అంది భ్రమరాంబ. టెక్నీషియన్ ఫలితాన్ని నమోదు చేసుకున్నాడు. యంత్రం మాటే ఆఖరు.

ఆపరేషన్ రోజు పొద్దున నీలవేణిని బండిమీద థియేటర్‌లోకి తోసుకెళ్తుంటే, ఇందుమతి వెంట నడిచింది. ఆపే హక్కు లేదు, నడిచే హక్కుంది. తలుపు దగ్గర నీలవేణి ఆమె కొంగు పట్టుకుని ఆపింది. ఇందుమతి ఆశగా వంగింది. ఒక్క మాట, ఒక్క మూలుగు చాలు, బండికి అడ్డం పడుకుంటుంది.

"మేడమ్, అమ్మ తిన్నదా?"

ఇందుమతి తలతిప్పి చూసింది. వరండా చివర క్యాంటీన్‌లో భ్రమరాంబ ఇడ్లీలో చట్నీ అద్దుకుంటోంది.

"తింటోంది" అంది ఇందుమతి.

నీలవేణి నవ్వి, కొంగు వదిలేసింది.